పాత వీడియో గేమ్ లాంటి గేమ్ చేయాలా? కాపీరైట్ గొడవ లేకుండా పది అడుగులు

టీవీకి తగిలించే లిటిల్ మాస్టర్ గేమ్ పెట్టె క్యాసెట్లతో పెరిగిన తరానికి ఒక కోరిక ఉంటుంది. అలాంటి గేమ్ ఒకటి మనమే చేయాలి, అందులో మన ఊరు కనబడాలి. ఇప్పుడు అదేమంత కష్టం కాదు. మామూలు ల్యాప్‌టాప్, గోడో లాంటి ఉచిత గేమ్ ఇంజిన్, కాస్త ఓపిక ఉంటే బొబ్బిలిలో ఇంట్లో కూర్చునే చేయొచ్చు. చిక్కల్లా పక్కవాడు అడిగే ప్రశ్న దగ్గర వస్తుంది: "పాత గేమ్ చూసి చేశావు కదా, కంపెనీవాళ్లు కేసు పెడితే?"

దీనికి చట్టం ఇచ్చే జవాబు ఒక్క ముక్కలో చెప్పొచ్చు. ఆడే పద్ధతి ఎవరి సొత్తూ కాదు. దాన్ని తెర మీద చూపించిన బొమ్మలు, వినిపించిన సంగీతం, నడిపించిన కోడ్, పెట్టిన పేరు మాత్రం సొంతదారులవి. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ పడుతుందో తెలిస్తే పని సులువు.

ఉదాహరణకు ఒక గేమ్ తీసుకుందాం. 1978లో జపాన్ కంపెనీ టైటో కోసం తొమొహిరో నిషికాడో తయారు చేసిన స్పేస్ ఇన్వేడర్స్. పైనుంచి బారులు తీరి దిగే శత్రువులను కింద ఉన్న ఫిరంగితో కాల్చడమే ఆట. ఆ ఆటతీరుతో 1757 నాటి బొబ్బిలి కోటను కాపాడే గేమ్ చేద్దాం. దాని పేరు 'బురుజు' అనుకుందాం.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- తేదీలు వేసి రాసుకునే ఒక నోటు పుస్తకం
- చూసి నేర్చుకోవడానికి పాత గేమ్ కొన్న కాపీ
- బొమ్మలు, శబ్దాలు, ఫాంట్లు ఎక్కడివో రాసుకునే ఒక ఎక్సెల్ షీటు
- అనుమతి పత్రాలు దాచే ఒక ఫైలు

అడుగు 1: గేమ్‌ను ముక్కలుగా విడదీయండి

గేమ్ ఒకే వస్తువులా కనిపిస్తుంది గానీ చట్టం దృష్టిలో అది చాలా వస్తువుల మూట. మన కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రామ్ సాహిత్య రచన కిందికి వస్తుంది. అంటే కోడ్‌కి నవలకున్నంత రక్షణ ఉంది. పాత్రల బొమ్మలు, నేపథ్య దృశ్యాలు కళాకృతులు. సంగీతం వేరు, దాని రికార్డింగ్ వేరు. పేరు, లోగో ట్రేడ్‌మార్క్ చట్టం, 1999 కిందికి వస్తాయి.

మరి ఆట నియమాలు? పేటెంట్ చట్టం, 1970లో సెక్షన్ 3(ఎం) ఆట ఆడే పద్ధతికి పేటెంట్ ఇవ్వకూడదని తేల్చి చెబుతుంది. 3(కె) కంప్యూటర్ ప్రోగ్రామ్‌ని కేవలం ప్రోగ్రామ్‌గా పేటెంట్ చేయనివ్వదు. కాపీరైట్ కూడా ఆలోచనకు రాదు, ఆ ఆలోచనను వ్యక్తం చేసిన తీరుకే వస్తుంది. 'శత్రువులు పైనుంచి దిగుతుంటే కింద నుంచి కాల్చాలి' అన్న నియమం మీద టైటోకి ఎంత హక్కో మీకూ అంతే.

నోటు పుస్తకంలో ఒక పేజీకి ఐదు గళ్లు గీయండి: నియమాలు, కోడ్, బొమ్మలు, ధ్వని, పేరు. మిగతా అడుగులన్నీ ఈ గళ్ల చుట్టూనే తిరుగుతాయి.

అడుగు 2: వయసు లెక్క వేయండి

'చాలా పాత గేమే కదా, ఇంకా హక్కులేంటి?' అనుకుని దెబ్బతినేవాళ్లే ఎక్కువ. మన దేశంలో రచనలకు, బొమ్మలకు, సంగీతానికి కాపీరైట్ రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. సినిమాకీ సౌండ్ రికార్డింగ్‌కీ విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. కోడ్ సంగతి పక్కనపెట్టి, స్పేస్ ఇన్వేడర్స్‌ని కదిలే చిత్రంగా మాత్రమే లెక్కేసినా 2038 డిసెంబర్ దాకా గడువు తీరదు. 1987 నాటి కాంట్రా గేమ్‌కి అదే లెక్కన 2047. వీడియో గేమ్‌లు పుట్టిందే నిన్నమొన్న, కాబట్టి 'పాతబడి అందరిదీ అయిపోయింది' అనగలిగే పేరున్న గేమ్ దొరకడం కష్టం.

కంపెనీ మూతపడినా హక్కులు గాల్లో కలిసిపోవు. డబుల్ డ్రాగన్ చేసిన టెక్నోస్ జపాన్ 1996లో మూతపడింది. ఆ గేమ్ హక్కులు చేతులు మారి, 2015లో ఆర్క్ సిస్టమ్ వర్క్స్ అనే మరో కంపెనీకి చేరాయి. యజమాని కనబడనంత మాత్రాన లేడని కాదు.

విదేశీ గేమ్ అయితే ఇక్కడ చెల్లదనే మాట కూడా తప్పు. బెర్న్ ఒప్పందం, 1999 నాటి అంతర్జాతీయ కాపీరైట్ ఉత్తర్వు వల్ల జపాన్, అమెరికా రచనలకు బొబ్బిలిలోనూ రక్షణ ఉంది.

నిజంగా అందరివీ అయిన ఆటలు కావాలంటే అరుగుల మీద వెతకాలి. పులిమేక, అష్టాచెమ్మా, వామనగుంటల మీద ఎవరికీ హక్కు లేదు. 2016లో వచ్చిన లూడో కింగ్ కోట్ల ఫోన్లలోకి చేరింది అలాంటి పాత పలక ఆటతోనే. మొదటిసారి గేమ్ చేస్తున్నవాళ్లు పులిమేకతో మొదలుపెడితే ఈ వ్యాసంలో సగం అడుగుల అవసరమే పడదు.

అడుగు 3: ఆడండి, చూడండి, రాసుకోండి

ఒక ప్రోగ్రామ్ ఎలా పని చేస్తుందో, దాని వెనుక సూత్రాలేమిటో తెలుసుకోవడానికి దాన్ని నడిపి గమనించడం, పరీక్షించడం మన చట్టంలో నేరం కాదు. సెక్షన్ 52(1)లోని (ఎసి) క్లాజు ఆ మాటే చెబుతుంది. షరతు ఒకటే: మీ దగ్గరున్నది సక్రమంగా వచ్చిన కాపీ అయి ఉండాలి. పాత గేమ్‌లను కంపెనీలే సంకలనాలుగా మళ్లీ అమ్ముతున్నాయి, అలాంటిది కొనండి. దొంగ సైటు నుంచి గేమ్ నకలు (రోమ్ ఫైలు) దించుకుంటే మొదటి మెట్టు దగ్గరే కాలు జారినట్టు. పాత యంత్రాన్ని అనుకరించే ఎమ్యులేటర్ సొంత కోడ్‌తో రాసినదైతే ఇబ్బంది లేదు. దాంట్లో వేసి ఆడే దొంగ కాపీతోనే చిక్కు.

ఆడుతూ కనిపించినదల్లా రాయండి. స్పేస్ ఇన్వేడర్స్ మీద రాస్తే ఇలా ఉంటుంది:

- శత్రువులు వరసకు 11, మొత్తం 5 వరసలు
- అందరూ కలిసి పక్కకు నడుస్తారు, అంచు తగలగానే ఒక మెట్టు దిగి వెనక్కి తిరుగుతారు
- చచ్చేకొద్దీ మిగిలినవాళ్ల వేగం పెరుగుతుంది
- మనకు 4 అడ్డుగోడలు, దెబ్బ తగిలిన చోట పెచ్చులూడతాయి
- వరసను బట్టి 10, 20, 30 పాయింట్లు
- పైన అప్పుడప్పుడూ ఎగిరే పళ్లెం పోతుంది
- అడుగుల చప్పుడులా నాలుగు స్వరాలు, వేగం పెరిగేకొద్దీ అవీ పరుగెత్తుతాయి
- శత్రువుల ఆకారాలు పీత, ఆక్టోపస్ లాంటి సముద్ర జీవులవి

ఇక్కడ ఒక తమాషా ఉంది. శత్రువులు తగ్గేకొద్దీ వేగం పెరగడం మొదట ఎవరూ గీసిన ప్లాను కాదు. గీయాల్సిన బొమ్మలు తగ్గేసరికి అప్పటి చిప్ వేగంగా నడిచింది. నిషికాడో దాన్ని అలాగే ఉంచేశాడు, అదే ఆటకు ప్రాణమైంది. అలాంటి పనితీరు మీరూ నిస్సంకోచంగా వాడుకోవచ్చు.

అడుగు 4: నోట్సును మూడు వరసలు చేయండి

అసలు పని ఇదే. తొందరపడొద్దు.

*తీసుకోదగినవి:* బారులుగా దిగడం, అంచు తగిలి తిరగడం, వేగం పెరగడం, కింద నుంచి కాల్చడం, అరిగిపోయే అడ్డుగోడ, పాయింట్ల లెక్క.

*ముట్టుకోకూడనివి:* ఆ పీత, ఆక్టోపస్ ఆకారాలు, ఆ నాలుగు స్వరాలు, అసలు కోడ్, లోగో, పేరు.

*మధ్యలో ఊగిసలాడేవి:* 11 చొప్పున 5 వరసలు, సరిగ్గా 4 గోడలు, అదే చోట స్కోరు, అవే రంగులు, ఎగిరే పళ్లెం. కోర్టుల్లో గొడవంతా ఈ మూడో వరస మీదే నడిచింది.

మన సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ వర్సెస్ డీలక్స్ ఫిల్మ్స్ కేసులో దారి చూపింది. 'హమ్ హిందుస్తానీ' నాటకాన్ని 'న్యూఢిల్లీ' సినిమాగా తీశారన్నది ఫిర్యాదు. ఇతివృత్తం ఒకటే అయినా నడిపిన తీరు వేరైతే ఉల్లంఘన కాదనీ, రెండూ చూసిన మామూలు ప్రేక్షకుడికి ఇది దాని నకలే అన్న భావన తప్పనిసరిగా కలిగితేనే ఉల్లంఘన అనీ కోర్టు చెప్పింది. గేమ్‌కీ ఇదే గీటురాయి. మీ గేమ్ చూసినవాడు 'దాని తరహాలో ఉంది' అంటే పర్లేదు. 'అదే ఇది' అన్నాడంటే ఆలోచించాలి.

గేమ్‌ల మీద తీర్పులు ఎక్కువగా అమెరికావి. అవి మన కోర్టులను కట్టడి చేయవు గానీ గీత ఎక్కడ పడుతుందో చూపిస్తాయి.

1981లో అటారీ కంపెనీ తన ఆస్టరాయిడ్స్‌ని మీటియోర్స్ అనే గేమ్ దించేసిందని కోర్టుకెక్కింది. రెండింటి మధ్య 22 పోలికలు తేలాయి. అయినా అటారీ ఓడిపోయింది. అంతరిక్షంలో రాళ్లను పేల్చే గేమ్ ఎవరు చేసినా ఆ పోలికలు రాక తప్పవని కోర్టు అభిప్రాయం.

మరుసటి ఏడాదే గాలి మళ్లింది. ప్యాక్‌మ్యాన్ తరహాలో కె.సి. మంచ్‌కిన్ అనే గేమ్ వచ్చింది. దాన్ని చేసినవాళ్లు మార్పులు బాగానే చేశారు. చుక్కలు వందల నుంచి 12కి తగ్గాయి, అవి ఉన్నచోట ఉండకుండా కదులుతాయి, దారులు మారుతుంటాయి. దారుల చిక్కు, చుక్కలు, స్కోరు లాంటివి అందరివీ అని కోర్టు ఒప్పుకుంది కూడా. కానీ నోరు తెరిచి మింగే గుండ్రటి జీవి, దాన్ని తరిమే దయ్యాలు, వాటి కళ్లు, నడక, చచ్చినప్పుడు మాయమయ్యే తీరు చూసి, నకలు కొట్టారని నమ్మడానికి ఆధారం ఉందంది. అమ్మకాలు ఆపమంది. ఎన్ని మార్చారన్నది ఆ గేమ్‌ని కాపాడలేదు. గుండెకాయ లాంటి పాత్రలను ఉంచేయడమే ముంచింది.

2012 నాటి టెట్రిస్ కేసు ఇంకా పనికొచ్చే పాఠం. జియో అనే చిన్న కంపెనీ మినో పేరుతో ఐఫోన్ గేమ్ చేసింది. ముందుగా చట్టం కూడా చదువుకుంది. 'మేం నియమాలే తీసుకున్నాం' అన్నది దాని వాదన. న్యూజెర్సీ ఫెడరల్ కోర్టు రెండు గేమ్‌ల తెరలను పక్కపక్కన పెట్టి చూసింది. 10 గళ్ల వెడల్పు, 20 గళ్ల ఎత్తు, ముక్కల ఆకారాలు, మెరుపు, కింద పడబోయే చోట కనిపించే నీడ అన్నీ మక్కికి మక్కీగా ఉన్నాయి. పడే ముక్కలతో ఆట చేయడానికి ఇవన్నీ ఇలాగే ఉండనక్కర్లేదంటూ జియోకి వ్యతిరేకంగా తీర్పిచ్చింది.

కాబట్టి మూడో వరసలో ఉన్న ప్రతి అంశాన్నీ ఒక ప్రశ్న అడగండి: ఇది ఇలాగే లేకపోతే ఆట ఆగిపోతుందా? ఆగిపోదంటే మార్చేయండి. 'బురుజు'లో వరసకు 7, మొత్తం 4 వరసలు పెట్టొచ్చు. నాలుగు అడ్డుగోడల బదులు తెర అడుగునంతా ఒకే మట్టి ప్రాకారం, దానికి ఎత్తుపల్లాల బురుజులు పెట్టొచ్చు. ఎగిరే పళ్లెం బదులు ఫ్రెంచి ఫిరంగి బండి ఎడ్లతో పక్క నుంచి రావచ్చు. అది ఆగి గురిపెట్టేలోపు కొట్టకపోతే ప్రాకారంలో గండి పడుతుంది, ఆ గండిని పూడ్చడానికి ఆటగాడు కాల్పులు ఆపాలి. ఈ చివరి నియమం స్పేస్ ఇన్వేడర్స్‌లో లేదు. అక్కడి నుంచి ఆట మీదవుతుంది.

అడుగు 5: కథ, బొమ్మలు మన ఊరివి పెట్టండి

చరిత్ర మీద ఎవరికీ కాపీరైట్ లేదు. 1757 జనవరి 24న బుస్సీ నడిపిన ఫ్రెంచి సేన, విజయనగరం రాజు పెద విజయరామరాజు బలగం కలిసి బొబ్బిలి కోట మీద పడటం, బొబ్బిలి రాజు రంగారావు వర్గం పోరాడి నేలకొరగడం, ఆ తర్వాత బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు విజయరామరాజు డేరాలో చొరబడి చంపడం, ఇవన్నీ ఎవరైనా వాడుకోగల సంగతులు. రెండు ఊళ్లలోనూ ఆ వంశాలవాళ్లున్నారు, కాబట్టి పాత్రలను మర్యాదగా చూపించడం మంచిది. అది కాపీరైట్ గొడవ కాదు, ఊరి మంచిచెడ్డ.

సినిమాలోంచి తీసుకుంటే కథ వేరు. ఎన్టీఆర్ రంగారావుగా, ఎస్వీ రంగారావు పాపారాయుడిగా నటించిన 'బొబ్బిలి యుద్ధం' 1964లో వచ్చింది. 60 ఏళ్ల లెక్క ప్రకారం సినిమాగా దాని కాపీరైట్ 2024 డిసెంబర్ 31తో తీరింది. కానీ దానిలోని మాటలు, పాటలు, సంగీతం విడివిడి రచనలు. వాటి గడువు వాటిని రాసినవాళ్ల మరణం నుంచి లెక్కకొస్తుంది. కృష్ణంరాజు నటించిన 'తాండ్ర పాపారాయుడు' 1986 నాటిది, సినిమాగానే 2046 చివరిదాకా రక్షణలో ఉంటుంది. ఇక నటుల ముఖాలు గీయడం వేరే తంటా, అది వ్యక్తిత్వ హక్కుల కిందికి పోతుంది. పాపారాయుడు ఎలా ఉండేవాడో మీరే ఊహించి గీయండి.

ఇదే సూత్రం పురాణ పాత్రలకూ వర్తిస్తుంది. భారతంలో భీముడు అందరివాడు. ధోవతి కట్టి లడ్డూలు తినే చోటా భీమ్ మాత్రం హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ యానిమేషన్‌వాడు.

రాజుగారి కోట బొమ్మ గీయడానికి ఇబ్బంది లేదు. కట్టడాల చిత్రాలు గీయడం, ఫోటో తీయడం చట్టమే మినహాయించింది. లోపలికెళ్లి తీయాలంటే మాత్రం యజమానుల అనుమతి అడగాలి. గొల్లపల్లిలో ఒకే పనస మొద్దును తొలిచి చేసే బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు ఉంది. గేమ్‌లో వీణ బొమ్మ పెట్టుకోండి. ఎక్కడో చేసిన బొమ్మ వీణలను ఆ పేరుతో గేమ్ ద్వారా అమ్మకండి.

ఏఐతో బొమ్మలు గీయిస్తే పని తగ్గుతుంది గానీ బాధ్యత తగ్గదు. యంత్రం గీసినది మారియోలాగే ఉంటే, దాన్ని విడుదల చేసినవాళ్లే జవాబు చెప్పుకోవాలి.

అడుగు 6: సంగీతానికి కాగితం రాయించండి

'బొబ్బిలి యుద్ధం' సంగీతం సాలూరు రాజేశ్వరరావుది. సాలూరు దగ్గర శివరాంపురంలో పుట్టినాయన, మన పొరుగూరివాడే. 1999లో కన్నుమూశారు. కాబట్టి ఆయన బాణీలు 2059 చివరిదాకా రక్షణలో ఉంటాయి. 1964 నాటి రికార్డింగ్‌కి 60 ఏళ్లు నిండినా, ఆ బాణీని మీ కీబోర్డు మీద కొత్తగా వాయించినా అనుమతి కావాల్సిందే. రికార్డింగ్ గడువు వేరు, బాణీ గడువు వేరని మరిచిపోయేవాళ్లు దొరికిపోయేది ఇక్కడే.

జానపద బాణీ అయితే దారి తెరిచే ఉంటుంది. టెట్రిస్‌లో వినిపించే ప్రసిద్ధమైన బాణీ రష్యన్ జానపద గీతమే. అలాగే బొబ్బిలి కథ పాడే సంప్రదాయ బాణీలను వాడుకోవచ్చు. ఆ కథ పాడే ఒక దళం క్యాసెట్‌గా విడుదల చేసిన రికార్డింగ్‌ని మాత్రం కోసి పెట్టకూడదు.

అన్నిటికన్నా మంచిది ఊళ్లో వీణ వాయించేవారితో కొత్తగా రెండు నిమిషాల బిట్టు చేయించుకోవడం. "గురువుగారూ, ఈ కాగితం మీకూ రక్షణే, మీ పేరు ఎక్కడ ఎలా వేయాలో ఇందులోనే రాస్తున్నాం" అని చెప్పి సంతకం తీసుకోండి. కాగితం ఇంత చిన్నదైనా చాలు:

"ఫలానా తేదీన బొబ్బిలిలో నేను వాయించిన రెండు నిమిషాల వీణ బిట్టు నా సొంత కూర్పు. దీన్ని 'బురుజు' గేమ్‌లోనూ దాని ప్రచార వీడియోల్లోనూ, ప్రపంచమంతటా, కాపీరైట్ ఉన్నంతకాలం వాడుకోవడానికి ఇన్ని రూపాయలు తీసుకుని అనుమతిస్తున్నాను. గేమ్‌లో నా పేరు కనిపించేలా వేయాలి."

'ప్రపంచమంతటా', 'కాపీరైట్ ఉన్నంతకాలం' అన్న మాటలు అలంకారానికి కావు. సెక్షన్ 19 ప్రకారం గడువు రాయకపోతే 5 ఏళ్లే అనుకుంటారు, ప్రాంతం రాయకపోతే భారతదేశమే అనుకుంటారు. ప్లే స్టోర్‌లో పెట్టిన గేమ్ మొదటి రోజే అమెరికాలోని అన్నయ్య ఫోన్‌లోకి చేరుతుంది.

అడుగు 7: కోడ్ సొంతంగా రాయండి, అరువు తెచ్చింది గుర్తుంచుకోండి

పాత గేమ్‌ని విప్పి కోడ్ తీసి వాడొద్దు. మీ ప్రోగ్రామ్ మరో ప్రోగ్రామ్‌తో కలిసి పని చేయడానికి అవసరమైన సమాచారం వేరే దారిలో దొరకనప్పుడు మాత్రమే చట్టం కొంత సడలింపు ఇస్తుంది. నకలు గేమ్‌కి ఆ సాకు పనికిరాదు. వీలైతే ఇద్దరు కలిసి చేయండి: పాత గేమ్ ఆడి నోట్సు రాసేది ఒకరు, ఆ గేమ్ తెరవకుండా నోట్సు మాత్రమే చూసి కోడ్ రాసేది మరొకరు.

నెట్‌లో దొరికే కోడ్, బొమ్మలకు లైసెన్సులుంటాయి. ఎంఐటీ లైసెన్సు అయితే నోటీసు ఉంచితే చాలు. జీపీఎల్ కోడ్ కలిపి పంచితే మీ కోడ్ కూడా అదే షరతుతో ఇవ్వాలి. బొమ్మల్లో సీసీ0 అంటే షరతులు లేవు, సీసీ బీవై అంటే పేరు వేయాలి, ఎన్‌సీ అని ఉంటే డబ్బుకు వాడకూడదు. ప్రకటనలు పెట్టిన 'ఉచిత' గేమ్ కూడా డబ్బు గేమే.

కోడ్ తెరిచి ఇచ్చినంత మాత్రాన బొమ్మలూ ఇచ్చేసినట్టు కాదు. డూమ్ గేమ్ సోర్స్ కోడ్‌ని 1997లో విడుదల చేశారు, దాని బొమ్మలు, శబ్దాలు మాత్రం కంపెనీవే. అందుకే ఔత్సాహికులు ఫ్రీడూమ్ పేరుతో అన్నీ కొత్తగా గీసుకున్నారు. ట్రాన్స్‌పోర్ట్ టైకూన్‌ని అనుసరించిన ఓపెన్‌టీటీడీ కూడా మొదట్లో పాత గేమ్ బొమ్మల మీదే ఆధారపడింది, తర్వాత సొంత బొమ్మల కట్ట తయారైంది.

తెలుగు అక్షరాలకు రామభద్ర, మండలి, సూరన్న లాంటి ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో దొరుకుతాయి. డీటీపీ సెంటర్ నుంచి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్న ఫాంటు జోలికి పోవద్దు.

అడుగు 8: పేరు దగ్గర ఆగి వెతకండి

కోల్‌కతా సోదరులు రజత్, జయంత్ అగర్వాలా కథ చాలామందికి కొత్త కావచ్చు. పదాలాట స్క్రాబుల్‌ని వాళ్లు స్క్రాబ్యులస్ పేరుతో ఫేస్‌బుక్‌లోకి తెచ్చారు, అది లక్షల మందికి అంటుకుంది. స్క్రాబుల్ హక్కులున్న మాటెల్ కంపెనీ ఢిల్లీ హైకోర్టుకెళ్లింది. 2008 సెప్టెంబర్‌లో కోర్టు రెండు మాటలు చెప్పింది. పలక మీద కాపీరైట్ ఉందన్న వాదనతో ఆట ఆపడానికి ఒప్పుకోలేదు. ఆ నియమాలను చూపించే మార్గాలు కొన్నే ఉన్నప్పుడు ఆలోచన, వ్యక్తీకరణ కలిసిపోతాయని వివరించింది. పేరు విషయంలో మాత్రం మాటెల్‌దే పైచేయి, స్క్రాబ్యులస్ అనే పేరు వాడొద్దంది. అన్నదమ్ములు లెక్సులస్ అని పేరు మార్చుకుని ఆట నడుపుకున్నారు.

మీరు చేయాల్సింది సులువే. 'బురుజు' లాంటి సొంత పేరు అనుకోండి. ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో సాఫ్ట్‌వేర్, వినోద సేవలు వచ్చే 9, 41 తరగతుల్లో వెతకండి. ప్లే స్టోర్‌లో కూడా చూడండి. 'ఇన్వేడర్స్', 'సూపర్', 'బ్రదర్స్' తోకలు తగిలించి పాత పేరును గుర్తుచేసే ప్రయత్నం వద్దు. వివరణలో, ట్యాగుల్లో పాత గేమ్ పేరు ఇరికించొద్దు. నమోదు చేయించాలనుకుంటే వ్యక్తికి ఆన్‌లైన్‌లో తరగతికి రూ.4,500 ఫీజు. రిజిస్ట్రేషన్ 10 ఏళ్లు ఉంటుంది, ఎన్నిసార్లైనా పొడిగించుకోవచ్చు.

అడుగు 9: మీ హక్కులూ కట్టుదిట్టం చేసుకోండి

స్నేహితులు కలిసి చేస్తే ఎవరు గీసింది వాళ్లదే, ఎవరు రాసింది వాళ్లదే. గేమ్ నాలుగు డబ్బులు తెచ్చాక ఈ మాట గుర్తొస్తే స్నేహం చెడుతుంది. మొదటి వారంలోనే ఒక పేజీ రాసుకుని అందరూ సంతకాలు పెట్టండి. 18 ఏళ్లు నిండని తమ్ముడో చెల్లెలో ఉంటే తల్లిదండ్రుల సంతకం కావాలి.

కాపీరైట్ పుట్టడానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, రాసిన క్షణంలోనే వస్తుంది. రుజువు కోసం కావాలంటే కాపీరైట్ కార్యాలయం సైటులో దరఖాస్తు చేయొచ్చు. సాఫ్ట్‌వేర్‌కి ఫీజు రూ.500. 2021 సవరణ తర్వాత సోర్స్ కోడ్‌లో మొదటి 10 పేజీలు, చివరి 10 పేజీలు ఇస్తే సరిపోతుంది. అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు.

తేదీలు వేసిన నోటు పుస్తకం, చిత్తు బొమ్మలు, కోడ్ మార్పుల చరిత్ర పారేయకండి. సొంతంగా చేశారనడానికి రేపు అవే సాక్ష్యం.

అడుగు 10: విడుదల చేయండి, నోటీసు వస్తే కంగారు పడకండి

ప్లే స్టోర్ ఖాతాకి ఒకసారి 25 డాలర్లు కడితే చాలు. విడుదలకు ముందు ఈ లైనుకి సంబంధం లేని ఇద్దరికి మీ గేమ్, పాత గేమ్ పక్కపక్కన చూపించండి. సుప్రీంకోర్టు చెప్పిన మామూలు ప్రేక్షకుడి పరీక్ష ఇంట్లోనే అయిపోతుంది.

ఎవరైనా ఫిర్యాదు చేస్తే ముందు గేమ్‌ని స్టోర్ నుంచి తీసేయవచ్చు. ఏ భాగం గురించి ఫిర్యాదో చదవండి. తప్పు మీదైతే ఆ బొమ్మో పేరో మార్చేసి మళ్లీ పెట్టండి. మీది కాకపోతే మీ ఫైలు చూపిస్తూ ప్రతివాదం పంపండి. అమెరికా చట్టం ప్రకారం నడిచే ఫిర్యాదైతే, ప్రతివాదం చేరాక కంపెనీ కేసు వేయకపోతే 10 నుంచి 14 పని దినాల్లో తిరిగి పెట్టాలి. మన చట్టంలో కోర్టు ఉత్తర్వు రాకపోతే 21 రోజులు. ఊరికే బెదిరించేవాళ్ల మీద మీరే కోర్టుకెళ్లే వీలు సెక్షన్ 60 ఇస్తుంది.

లాయరు నోటీసు వస్తే మాత్రం వాట్సాప్‌లో జవాబివ్వకండి. విశాఖలోనైనా మేధోసంపత్తి కేసులు చూసే లాయరును కలవండి. కేసు వేసేవాళ్లు తమ వ్యాపారం ఉన్న చోట వేసుకునే వెసులుబాటు చట్టంలో ఉంది. తెలిసి చేసిన ఉల్లంఘనకు 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, రూ.50 వేల నుంచి రూ.2 లక్షల జరిమానా. లాభం కోసం చేయలేదని తేలితే కోర్టు శిక్ష తగ్గించవచ్చు.

తరచూ అడిగేవి

*30 శాతం మారిస్తే చాలంటారు, నిజమా?* అలాంటి శాతం ఏ సెక్షన్‌లోనూ లేదు. మంచ్‌కిన్ కథ గుర్తు తెచ్చుకోండి.

*ఉచితంగా ఇస్తే?* శిక్షలో తేడా రావచ్చు, ఉల్లంఘన మాత్రం ఉల్లంఘనే.

*కింద 'హక్కులన్నీ అసలు యజమానులవే' అని రాస్తే?* దించేశానని మీ చేత్తో మీరే రాసిచ్చినట్టు.

*కాలేజీ ప్రాజెక్టుకి కూడా ఇదంతా కావాలా?* తరగతిలో చూపించి ఊరుకుంటే ముప్పు తక్కువ. నెట్‌లో పెట్టే రోజు అన్నీ కావాలి. మొదటినుంచీ సొంత బొమ్మలతో చేస్తే ఆ రోజు మళ్లీ గీయక్కర్లేదు.

ఈ వారం మొదటి మూడు అడుగులు పూర్తి చేయండి: ఐదు గళ్ల పేజీ, వయసు లెక్క, ఆటతీరు నోట్సు. ఆ నోట్సులో పాత గేమ్‌లో లేని ఒక్క నియమమైనా మీరు చేర్చే వరకు ఇంజిన్ తెరవకండి. కేసుల నుంచి కాపాడేదీ, ఆడేవాళ్లను మళ్లీ రప్పించేదీ ఆ నియమమే.